నైరుతి మూల కిటికీ

"నువ్వు తోల్కపోతేనే ముసలామె వస్తది. నేను పిలిస్తే వస్తదా?" అన్నాడు దేవిదాస్.

స్టూలు మీద పెట్టిన టీ చల్లారిపోయి మీగడ కట్టింది. బావగారు వచ్చిన ప్రతిసారీ పక్కన నిలబడి రెండో గ్లాసు పోసే భాగ్యలక్ష్మి, ఇవాళ మొదటి గ్లాసు ఎందుకు తాగలేదని కూడా అడగలేదు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏడికి తోల్కపోవాలె?" తెలిసే అడిగింది.

"ఠాణకు. ఎస్సై పొద్దుగాల్నే ఫోన్ జేసిండు. దవాఖానకెల్లి కేసు వచ్చింది, ఇంటి ఓనర్ ఎవలు, సంగతేందని అడిగిండు. ముసలామె వచ్చి ఒక్క మాట చెప్తే గీడికి అయిపోతది."

"ఏం మాట?"

దేవిదాస్‌కు చిర్రెత్తింది. బోధన్‌లో ఆయనది ఎరువుల దుకాణం. అరువు కోసం వచ్చే రైతులు ఆయన చెప్పింది వింటారు తప్ప ఎదురు ప్రశ్న వేయరు. ఆ అలవాటు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర కూడా సాగాలని ఆయన కోరిక.

"పాలు పొంగిచ్చిన నాడు నువ్వున్నవా లేవా? బాత్రూముల నిలబడి, 'నైరుతి మూలకు గీ కిటికీ ఏంది, కీడు, మూపియ్యిండ్రి' అని గా రాధాబాయి అన్నదా లేదా?"

"అన్నది."

"ఇంకేంది మరి! వాళ్లడిగిండ్రు, మనం మూపిచ్చినం. గదే ముచ్చట ఆమె నోటితోని చెప్పమంటున్న. అబద్ధం చెప్పమంటున్ననా భాగ్యమ్మా? చెప్పు."

అబద్ధం కాదు. అక్కడే వచ్చింది చిక్కు. అబద్ధమైతే భాగ్యలక్ష్మి ఈపాటికి బావగారికి మొహం మీదే చెప్పేసేది.

మొన్న పొద్దున వినాయక్‌నగర్‌లో, దేవిదాస్ కిరాయికిచ్చిన ఇంట్లో, రాధాబాయి మనవరాలు దీక్షిత తలస్నానానికని బాత్రూంలోకి వెళ్లి బయటికి రాలేదు. తండ్రి సాయిరాం తలుపు పగలగొట్టేసరికి పిల్ల నేల మీద పడి ఉంది. నీళ్లు కారుతూనే ఉన్నాయి, గ్యాస్ గీజర్ మండుతూనే ఉంది. గాలి వెళ్లే దారి లేని గదిలో ఆ మంట విడిచిన విషమంతా పిల్ల పీల్చింది. వాసన ఉండదట దానికి, మనిషికి తెలియనే తెలియదట. డాక్టరు అలా చెప్పాడు. పిల్ల ఇంకా ఐసీయూలోనే ఉంది.

"అడిగింది ముసలామె బావా. గీజర్ పెట్టిచ్చింది మనం," అంది భాగ్యలక్ష్మి.

"సలికాలం వస్తున్నది, వేడినీళ్లు గావాలని వాళ్లే అడిగిండ్రు."

"అడిగినయన్ని ఇచ్చుడేనా మన పని? వద్దనేది వద్దనద్దా?"

"నాకేమెరుక? నేనేమన్న ఇంజనీర్‌నా?" దేవిదాస్ లేచాడు. "నా ఇండ్లు నా ఇంటోళ్ల చేతుల పెట్టిన. మంచిగ సూసుకుంటరనుకున్న. గిప్పుడు నన్ను ఠాణల నిలబెడ్తరా? జర ఆలోచన జెయ్యిండ్రి. మధ్యాహ్నం లోపట్నే తోల్కరా."

గడప దగ్గర ఆగి ఆయన ఇంటి పైకప్పు వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఈ ఇల్లు కూడా ఆయనదే. కిరాయి తీసుకోడు. ఆ సంగతి గుర్తు చేయడం మాత్రం ఏనాడూ మరచిపోడు.

ఇంతసేపూ భాగ్యలక్ష్మి మగడు నరేందర్ వంటింటి గుమ్మంలో నిలబడే ఉన్నాడు. అన్న మాట్లాడుతుంటే అతను నోరు మెదపడు. పెళ్లయిన కొత్తలో అది మర్యాద అనుకుంది భాగ్యలక్ష్మి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, ఉద్యోగం పోయి, అన్న ఇండ్లకు మోటార్లు బాగు చేయించడం, సున్నాలు వేయించడం అతని పని అయ్యాక, అది మర్యాద కాదని అర్థమైంది. అర్థమైనా ఏనాడూ అనలేదు. మగడికి అంత మాత్రం మరుగు ఉంచాలనుకుంది.

ఇల్లు గడిచేది భాగ్యలక్ష్మి పని మీదే. నిజామాబాద్‌లో కిరాయి ఇల్లు కావలసిన వాళ్లు 'ఇండ్ల భాగ్యక్క' ఎక్కడ అని వెతుక్కుంటూ వస్తారు. హాలు, బెడ్రూం తర్వాత. ఆమె ముందు చూపించేది బాత్రూం. నల్లాలన్నీ తిప్పుతుంది. వాన పడితే ఏ గోడ చెమ్మగిల్లుతుందో, పక్కింటి కుక్క ఎప్పుడు మొరుగుతుందో కూడా చెప్పేస్తుంది. ఓనర్లు పళ్లు నూరుతారు. అయినా ఇల్లు ఖాళీ అయితే ఆమెకే చెబుతారు, ఎందుకంటే ఆమె దించిన మనుషులు కొట్లాడి వెళ్లరు. దిగిన కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి, ఏం బాగుంది ఏం బాగాలేదని ఇల్లంతా కలియదిరిగి రావడం ఆమెకు రివాజు.

ఎవరి ఇంటికైనా వెళ్లేది. ఈ ఒక్క ఇంటికే వెళ్లలేదు. బావగారి ఇల్లే కదా, మగడే కదా చూసుకునేది, మనింటికి మనమే తనిఖీకి పోవడమేమిటని ఊరుకుంది. పాలు పొంగించిన నాడు మూయించమన్న మాట విన్నది, మూసేశారని తర్వాత తెలిసింది. గీజర్ పెట్టించిన సంగతి మాత్రం మొన్న ఆసుపత్రిలోనే తెలిసింది. మొన్నటి నుంచీ ఆ ఒక్క ఆలోచనే ఆమెను తినేస్తోంది.

వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద గిన్నె పెట్టింది. పొయ్యి వెలిగించలేదు.

"గీజర్ బిగిచ్చిన నాడు నువ్వున్నవా ఆడ?"

"ఉన్న," అన్నాడు నరేందర్.

"బిగిచ్చింది ఎవలు? మాక్లూర్ ఫిట్టర్ ప్రేమ్‌గాడేనా?"

"ఆఁ."

"ఏమన్నడు?"

"ఏమంటడు? బిగిచ్చి పోయిండు."

భాగ్యలక్ష్మి వెనక్కి తిరిగి అతని ముఖం చూసింది. ప్రేమ్ ఆమె ఎరిగిన మనిషే. చెంచాడు పని చేస్తే గంపెడు మాటలు చెబుతాడు. కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ బిగించి, ఒక్క మాట అనకుండా వెళ్లాడంటే ఎలా నమ్మేది?

"నేను ఫోన్ జేసి అడగాల్నా?"

"వద్దు."

ఆ ఒక్క మాట చాలింది ఆమెకు. పీట లాక్కుని కూర్చుంది. ఇక తొందరపెట్టలేదు.

"కిటికీ తెరిపియ్యమన్నడు," అన్నాడు నరేందర్ చివరికి. "గాలి ఆడకుంటే పానాలు పోతయి, తెరిపిచ్చినంకనే వాడుమని చెప్పుమన్నడు."

"చెప్పినవా వాళ్లకు?"

"అన్నకు చెప్పిన. ముసలామె మళ్ల కిరికిరి పెడ్తది, ఉండనియ్యి అన్నడు."

"బావకు ఎరుకేనా!" భాగ్యలక్ష్మి లేచి నిలబడింది. "ఎరుకుండి, గిప్పుడు నా ఇంట్ల కూసోని, నేనేమన్న ఇంజనీర్‌నా అంటడా? గా ముసలామెను తోల్కపోయి ఠాణల నిలబెట్టమంటడా? గింత ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే నువ్వు ఊకుంటవా?"

"ఊకోను! గందుకే చెప్పాలె! నేను ఊకోను గనకనే చెప్పాలె!"

ఆమె గొంతు పక్కింటి దాకా వినిపించి ఉంటుంది. వినిపిస్తే వినిపించనీ అనుకుంది. పొయ్యి మీది గిన్నె తీసి కింద పెట్టింది. ఆ కోపంలో బావగారి మీద ఎంతో మగడి మీద అంత, తన మీద తనకు అంతకంటే ఎక్కువ ఉంది.

"అన్న మీద చెప్తే మనం ఏడుంటం భాగ్యా?" అన్నాడు నరేందర్ మెల్లగా.

"కిరాయికుంటం. ఊరందరికి ఇండ్లు సూపిచ్చేదాన్ని, నాకొక్క ఇల్లు దొరకదా?"

చెప్పులు వేసుకుని గేటు దాటింది. నరేందర్ స్కూటర్ తీసి వెనకే వచ్చాడు. ఆమె ఎక్కింది. "దవాఖానకు పోనియ్యి," అంది.

*

ఆసుపత్రిలో ఐసీయూ బయట బెంచీ మీద రాధాబాయి ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ బెంచీకి అటు చివర కాదు, ఎదురుగా ఉన్న బెంచీ మీద సాయిరాం కూర్చున్నాడు. తల్లీకొడుకుల మధ్య నర్సులు అటూ ఇటూ నడుస్తున్నారు.

నరేందర్ టీ తెస్తానని ఆ దారినే దిగిపోయాడు. ముఖం చెల్లక పోయాడని భాగ్యలక్ష్మికి తెలుసు.

"ఎట్లున్నదవ్వా పిల్ల?"

"కండ్లు తెరిసిందే బిడ్డా. నన్ను సూసి, గీమె ఎవలని అడిగిందట నర్సమ్మను." రాధాబాయి కొంగుతో నోరు నొక్కుకుంది. "మెల్లమెల్లగ యాదికొస్తదంటున్నడు డాక్టరు. వస్తదా?"

"వస్తదవ్వా."

"నేనే జేసుకున్న గదనే. ముసల్దాన్ని, ముడుసుకోని ఓ మూలకు కూసోక, కిటికీ మూపియ్యిండ్రి కిటికీ మూపియ్యిండ్రని మీ పానాలు దీస్తి. బోధన్ల మేమున్నప్పుడు నైరుతికి కిటికీ ఉండె. గా ఇంట్ల ఉండంగనే ఫ్యాక్టరీ బందయింది, నా పెనిమిటి పోయిండు. ఇగ గీ ఇంట్ల సుత గదే మూల, గదే కిటికీ. బయమైందే నాకు. పిల్ల సల్లగుండాలనే అడిగిన."

భాగ్యలక్ష్మి ఆమె చేయి పట్టుకుంది.

"నా కొడుకు నాతోని మాట్లాడ్త లేడు," అంది రాధాబాయి గొంతు తగ్గించి. "మొన్నటి సంది ఒక్క మాట లేదు. అవ్వా అని పిలుస్త లేడు. వాడు చేసింది తప్పు గాదు. నేనైనా గట్లనే చేద్దును." కొంగు సర్దుకుని లేవబోయింది. "నడువు బిడ్డా. మీ బావ ఫోన్ జేసిండు. ఠాణల చెప్పాల్నట గదా. చెప్త. నేనే మూపియ్యిమన్న, వాళ్ల తప్పేం లేదని చెప్త. జైల్ల బెడ్తె బెట్టనియ్యి."

ఆమె అప్పటికే లేచి నిలబడింది. ఇక భాగ్యలక్ష్మి చేయాల్సిందల్లా చేయి పట్టుకుని మెట్లు దింపడమే. బావగారి ఇజ్జత్ నిలబడుతుంది, తల మీద కప్పు నిలబడుతుంది, మగడి సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఈ ముసలామె మాత్రం బతికినన్నాళ్లూ మనవరాలిని తానే పొట్టన పెట్టుకోబోయానని ఏడుస్తూ బతుకుతుంది. కొడుకు ఎదురు బెంచీ మీదే ఉండిపోతాడు.

"కూసో అవ్వా," అంది భాగ్యలక్ష్మి.

"ఎందుకే?"

"కూసో. నువ్వడిగినవ్, నిజమే. ఇంట్ల దిగేటోళ్లు నూరు అడుగుతరు. అండ్ల ఏది చెయ్యాలె, ఏది చెయ్యద్దు అని చెప్పాల్సింది మేము. నువ్వు కిటికీ మూపిచ్చిన నాటికి ఆడ గీజర్ లేదు. గీజర్ పెట్టేటప్పుడు, కిటికీ తెరిపిచ్చేదాక వాడద్దని ఫిట్టర్ చెప్పిండు. మీకు మేం చెప్పలే. గది మీ తప్పు కాదవ్వా. మాది."

ఎదురు బెంచీ మీద సాయిరాం తల ఎత్తాడు.

"ఎవలకు చెప్పిండు ఫిట్టర్?"

మొన్నటి నుంచి అతని నోట వచ్చిన మొదటి పూర్తి మాట అదే కాబోలు, గొంతు బొంగురుపోయి ఉంది. భాగ్యలక్ష్మి మెట్ల వైపు చూసింది. చెప్పింది నరేందర్‌కు. కానీ నరేందర్ అన్నకు చెప్పాడు కదా. వద్దన్నది అన్న కదా.

"ఓనర్‌కు ఎరుకే," అంది.

"దేవిదాస్ సేఠ్‌కా?"

"ఆఁ."

సాయిరాం లేచి, జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే నిలబడి నంబర్ నొక్కాడు. స్పీకర్ పెట్టాడు. నర్సు ఒకామె మెల్లగా మాట్లాడమని చేయి ఊపి వెళ్లింది.

"ఆఁ సాయిరాం, అమ్మను తోల్కస్తున్నదా మా మర్దలు?" అంది దేవిదాస్ గొంతు.

"సేఠ్, గా కిటికీ తెరవకుంట గీజర్ వాడద్దని ఫిట్టర్ మీకు చెప్పిండట. మాకెందుకు చెప్పలే?"

అవతల గొంతు ఒక్కసారిగా పెద్దదైంది.

"ఎవడన్నడు? నాకెవడు చెప్పిండు? ఫిట్టర్‌ను నేను కండ్లతోని సుత సూడలే! నాకు చెప్తే గా దినమే గోడ పగలగొట్టియ్యనా? ఆడపిల్ల స్నానం చేసే జాగల గసుంటి పని చేస్తనా నేను? నాకు పిల్లలు లేరా? నరేందర్ యాడున్నడు? వానికియ్యి ఫోను!"

భాగ్యలక్ష్మి ఆ గొంతును గుర్తుపట్టింది. ఇన్నేళ్లుగా బావగారిని చూస్తోంది. అబద్ధం ఆడేటప్పుడు ఆయన గొంతు మెత్తబడుతుంది, 'అమ్మా' 'బిడ్డా' అంటూ తియ్యగా మాట్లాడతాడు. ఇలా అరిచాడంటే నిజమే చెబుతున్నాడు. ఆయన స్వార్థపరుడు, ముసలామె నెత్తిన నెట్టి తప్పుకోవాలని చూసిన మాట నిజం. కానీ ఈ సంగతి ఆయనకు తెలియదు.

మెట్ల దగ్గర నరేందర్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టీ ఫ్లాస్కు, ఒక చేతిలో కాగితం కప్పులు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో.

"అన్నకు చెప్పిన అంటివి గదా?" అంది భాగ్యలక్ష్మి.

అతను ఫ్లాస్కు కింద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తోచక మళ్లీ పట్టుకున్నాడు.

"పొద్దుగాల నాతోని అంటివి. చెప్పినవా లేదా?"

"చెప్పలే."

"మర్సినవా?"

"మర్వలే." అతను నేల చూపులు చూస్తున్నాడు. "కిటికీ మూపిచ్చినందుకే ఆ నాడు అన్న మస్తు తిట్టిండు, ముసలోళ్లు అన్నదానికల్లా ఎగురుతవా అని. మళ్ల తెరిపియ్యాలంటే మేస్త్రీని పిలువాలె, అన్ననడగాలె. చిన్న పని సుత చేతకాదారా అంటడు. ఎప్పుడు గదే మాట. ఒక వారం ఆగి, మంచిగ ఉన్నప్పుడు అడుగుదామనుకున్న. తలుపు కింది సందుకెల్లి గాలి వస్తది గదా అనుకున్న."

ఫోన్‌లో దేవిదాస్ 'హలో, హలో' అంటున్నాడు. సాయిరాం ఆపేశాడు.

సాయిరాం కొడతాడనే అనుకుంది భాగ్యలక్ష్మి. కొడితే అడ్డం వెళ్లకూడదని కూడా అనుకుంది. అంత అసహ్యం వేసింది ఆ క్షణాన మగడి మీద. అంత జాలి కూడా వేసింది. అన్న ఒక్క మాట అంటాడన్న భయానికి ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన మనిషి, చేతిలో కాగితం కప్పులు నలిపేస్తూ నిలబడి ఉన్నాడు.

సాయిరాం అతన్ని కొట్టలేదు. నర్సులు నడిచే దారి దాటి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, పొద్దుటి సంది ఏమన్న తిన్నవా?" అన్నాడు.

రాధాబాయి, కొడుకు భుజానికి తల ఆనించి గట్టిగా ఏడ్చింది. రెండు రోజులుగా లోపలే దిగమింగుకున్నదంతా బయటపడింది. భాగ్యలక్ష్మి కూడా కళ్లు తుడుచుకుంది. తన ఇంట్లో ఏం కూలిందో ఆమెకు తెలుసు, అయినా మనసు కొంచెం తేలికపడింది.

ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు.

రాధాబాయి ముఖం తుడుచుకుని, కొడుకు చేయి ఊతం చేసుకుని లేచింది. నరేందర్ వంక చూడనైనా చూడలేదు. నేరుగా భాగ్యలక్ష్మి ముందుకు వచ్చి నిలబడింది.

"నడువు బిడ్డా, ఠాణకు పోదాం."

"ఇంకెందుకవ్వా నువ్వు?"

"నేనడిగింది నేను చెప్త. దాస్తనా? గీయన దాసింది నువ్వు చెప్పు." ఆమె గొంతులో కోపం లేదు. అంగడిలో పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే అడుగుతోంది. "మీ బావ నోటికి మేమేం అడ్డం పోతం? మీ ఆయన రేపు అననే లేదంటడు. గీడ చెప్పింది ఆడ చెప్తడా? నీ మాట అయితే ఊరంత నమ్ముతది. నిన్ను నమ్మే గా ఇంట్ల దిగినం మేము. చెప్తవా?"

నరేందర్ తల ఎత్తి భార్య వంక చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. వద్దని అనబోయాడో, చెప్పమని అనబోయాడో భాగ్యలక్ష్మికి తెలియలేదు.

ఇంటి గుణం దోషం అడిగితే క్షణం తడుముకోకుండా చెప్పే భాగ్యలక్ష్మి, రాధాబాయి చేయి తన మోచేతిని పట్టుకున్నా, ఆ నడవాలో నోరు తెరవలేక నిలబడిపోయింది.

"చెప్తవా బిడ్డా?" రాధాబాయి మళ్లీ అడిగింది.